ఇంటి నుంచా, హాస్టల్ నుంచా? ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ళలో నాటుకుపోయిన అపోహలు, అసలు వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి ప్లస్ త్రీ (డిగ్రీ) అడ్మిషన్లు ముగిసేదాకా నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు అడిగేది ఒకటే: పిల్లల్ని ఇంట్లో ఉంచి చదివించాలా, బయటికి పంపాలా? ఒడిశాలోని గజపతి జిల్లాలో ప్లస్ టూ (ఇంటర్) పాఠాలు చెబుతూ, పిల్లల అడ్మిషన్ల పని కూడా చూస్తుంటాను. మిగతా ఊళ్ళలో ఈ ప్రశ్న డబ్బు, దూరం, బెంగ అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర నాలుగోది కూడా ఉంది. ఇక్కడ ఇల్లు విడిచిన పిల్లవాడు చాలాసార్లు రాష్ట్రం కూడా విడుస్తాడు. పర్లాకిమిడికి ఆంధ్రాలోని పాతపట్నం పొరుగూరే. బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంతో దూరం లేదు. కానీ ఆ కొద్ది దూరంలోనే సీట్ల కోటాలు, స్కాలర్‌షిప్పులు, స్థానికత నిబంధనలు అన్నీ మారిపోతాయి. వీటిని చూసుకోకుండానే చాలా కుటుంబాలు నేరుగా హాస్టల్ గదులు చూడడానికి బయలుదేరుతున్నాయి. నన్ను బాధపెట్టేది అదే.

అపోహ: మనం తెలుగువాళ్ళం కాబట్టి ఆంధ్రాలో మన పిల్లలు లోకలే.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకోగలను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు బరంపురం, శ్రీకాకుళం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఇప్పటికీ మన ఆడపడుచులను ఇచ్చింది టెక్కలిలో, కోడళ్ళను తెచ్చుకున్నది పలాసలో. అయినా అడ్మిషన్ నిబంధన మాతృభాషను అడగదు, చుట్టరికాన్ని అడగదు. ఎక్కడ చదివారో, ఎక్కడ నివసించారో మాత్రమే అడుగుతుంది.

రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ వంటి కోర్సుల కన్వీనర్ సీట్లలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపేవి) 85 శాతం స్థానికులవి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా కనీసం నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ తరువాత చేరే కోర్సుకు లెక్క వేస్తే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. అంటే తొమ్మిదో తరగతి నుంచి పాతపట్నం బడిలో చదివిన పిల్లవాడు లోకల్ అవుతాడు. వాడి తమ్ముడు పది వరకు పర్లాకిమిడిలో చదివి, ఇంటర్‌కు విశాఖ వెళ్తే లోకల్ కాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు.

మిగిలిన 15 శాతంలో ఒక దారి ఉంది. తల్లి గాని తండ్రి గాని బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి మొత్తం పదేళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నివసించి ఉంటే, ఆ ధ్రువపత్రంతో పిల్లలు ఆ సీట్లకు పోటీ పడవచ్చు. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న తల్లులు చాలామంది ఈ సంగతి తెలియక వదిలేసుకుంటున్నారు. అమ్మ పెళ్ళికి ముందు ఎక్కడ పెరిగిందో దాని తాలూకు కాగితాలు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. మేనేజ్‌మెంట్ కోటాకు, సొంత ప్రవేశ పరీక్షలు పెట్టుకునే డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు ఈ స్థానికత అక్కరలేదు. ఫీజు మాత్రం వేరు.

అపోహ: ఇంటర్ రెండేళ్ళు విశాఖలో చదివిస్తే పోయేదేమీ లేదు, తరువాత ఎక్కడైనా చేరవచ్చు.

ఈ ఒక్క మాట నమ్మి నష్టపోయినంతగా మన పిల్లలు మరే మాట నమ్మీ నష్టపోలేదు. కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ సంస్థలైన ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం పిల్లలవి. ఆ రాష్ట్రం అంటే సొంతూరు ఉన్న రాష్ట్రం కాదు, రేషన్ కార్డు ఉన్న రాష్ట్రం కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అది. ఇక్కడ ప్లస్ టూ చదివిన పిల్లకు రూర్కెలా ఎన్‌ఐటీలో సొంత రాష్ట్రం కోటా ఉంటుంది. అదే పిల్ల విశాఖలో ఇంటర్ చదివితే రూర్కెలాకు బయటి రాష్ట్రం అమ్మాయి అవుతుంది. ఆమె సొంత రాష్ట్రం కోటా తాడేపల్లిగూడెంలోని ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీకి మారుతుంది. రూర్కెలా ఏళ్ళ తరబడి పేరున్న సంస్థ, తాడేపల్లిగూడెంది 2015లో మొదలైంది. ఈ మార్పు కావాలో వద్దో మీరే ఆలోచించండి, కానీ ఆలోచించి చేయండి.

ఇంకొక చిక్కు చూడండి. అదే అమ్మాయి ఎన్‌ఐటీ లెక్కలో ఆంధ్రా విద్యార్థి, ఆంధ్రప్రదేశ్ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ లెక్కలో నాన్-లోకల్. రెండేళ్ళు ఇల్లు విడిచి, లక్షలు కట్టి, రెండు వైపులా బయటివాళ్ళుగా మిగిలిపోవడం పదిహేనేళ్ళ పిల్లలకు న్యాయం కాదు. వెళ్ళవద్దని నేను అనడం లేదు. ఐఐటీలకు రాష్ట్ర కోటా లేదు. గురి అదొక్కటే అయితే, పిల్లలకే పోవాలని గట్టిగా ఉంటే, శిక్షణ కోసం విశాఖ వెళ్ళడంలో అర్థం ఉంది. ఒడిశాలో వైద్య, ఇంజినీరింగ్ సీట్ల కోసం మళ్ళీ వెనక్కి రావాలనుకుంటే మాత్రం, బయట ప్లస్ టూ చదివిన వారికి ఏ నివాస ధ్రువపత్రం కావాలో ఆ ఏటి ప్రాస్పెక్టస్ తెరిచి చదివాకే టీసీ తీసుకోండి.

అపోహ: ఇంట్లో ఉంటే ఖర్చు లేదు.

అన్నం ఖర్చు తగ్గుతుంది, నిజమే. కాలం ఖర్చు కూడా లెక్క వేయండి. పొద్దున్నే లేచి బస్సు పట్టుకుని, సాయంత్రం ల్యాబు అయ్యాక మళ్ళీ బస్సు కోసం నిలబడే పిల్లలు ఇల్లు చేరేసరికి పుస్తకం తెరిచే ఓపిక ఉండదు. వానాకాలంలో దారి దెబ్బతింటే హాజరు పోతుంది. హాజరు 75 శాతం కంటే తగ్గితే చాలా చోట్ల పరీక్ష దగ్గరే చిక్కు వస్తుంది. నా అనుభవంలో పోను రాను కలిపి మూడు గంటలు దాటే ప్రయాణం మొదటి ఏడాది గడిచేసరికి మార్కుల్లో కనబడుతుంది. అంతకంటే తక్కువైతే ఇంటి నుంచి చదవడం హాయిగా సాగుతుంది, సందేహం అక్కరలేదు.

హాస్టల్ ఖర్చు మొత్తం మీ నెత్తిన పడుతుందనుకోవడం కూడా సరి కాదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో సాధారణ డిగ్రీకి ఇచ్చే భత్యం ఇంటి నుంచి వచ్చేవారికి ఏడాదికి 3,000 రూపాయలు, హాస్టల్‌లో ఉండేవారికి 6,000. వృత్తి విద్యా కోర్సుల పై శ్రేణిలో అవి 7,000, 13,500. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు మించకూడదు. బ్యాంకు విద్యా రుణంలో హాస్టల్ రుసుము కూడా కలుస్తుంది. కానీ ఆంధ్రాలో పిల్లలకు వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ అక్కడి నివాసులకే. మీ మేనల్లుడికి వచ్చింది కదా అని మీ అబ్బాయికీ వస్తుందని లెక్క కట్టుకోకండి.

అపోహ: ఆడపిల్లకు ఇల్లే క్షేమం.

దీనికి నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఇది భయం నుంచి పుట్టిన మాట, ఆ భయాన్ని తీసిపారేయకూడదు. కానీ రోజూ చీకటి పడ్డాక ఊరి మలుపులో ఒంటరిగా బస్సు దిగే అమ్మాయి కంటే, కాలేజీ ఆవరణలోనే ఉన్న హాస్టల్‌లో తిరిగే అమ్మాయికి ప్రమాదం తక్కువ. మీరు చూడవలసింది ఇల్లా హాస్టలా అని కాదు, ఏ హాస్టల్ అని. వార్డెన్ రాత్రిపూట అక్కడే ఉంటారా? హాస్టల్ ఆవరణ లోపలా, రోడ్డు దాటి నడవాలా? ఒంట్లో బాగోకపోతే అర్ధరాత్రి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? నీళ్ళు ఎండాకాలంలో కూడా వస్తాయా? ఈ ప్రశ్నలు ఆఫీసులో అడగకండి. అక్కడ చదువుతున్న అమ్మాయిలను అడగండి. వాళ్ళు దాచరు.

పైకి ఎవరూ అనని సంగతి ఇంకొకటి ఉంది. ఇంట్లో ఉన్న అబ్బాయి చదువుకుంటున్నాడంటారు. ఇంట్లో ఉన్న అమ్మాయిని మాత్రం చదువు మధ్యలో పిలుస్తారు. పొయ్యి మీద పాలు చూడమంటారు, చంటివాణ్ణి ఎత్తుకోమంటారు, చుట్టాలు వచ్చారు కాఫీ పెట్టమంటారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, కానీ రోజుకు రెండు గంటల చదువు అలా కరిగిపోతుంది. ఇంటి నుంచి చదివించాలని నిర్ణయించుకుంటే ఆ రెండు గంటలు ఆమెవని, ఎవరూ పిలవకూడదని ఇంట్లో అందరి ముందూ చెప్పండి. నాయనమ్మకు కూడా.

అపోహ: మన జిల్లాల్లో చెప్పుకోదగ్గ చదువు లేదు.

పర్లాకిమిడిలో కృష్ణచంద్ర గజపతి కళాశాల 1896 నాటిది. బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల 1962లో, విశ్వవిద్యాలయం 1967లో, కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన శాస్త్ర విద్యా సంస్థ ఐసర్ 2016లో వచ్చాయి. కోరాపుట్‌లో 2009 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం, 2017 నుంచి వైద్య కళాశాల ఉన్నాయి. గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లల్లో బయటి జిల్లాల వారు ఎందరో. మనవాళ్ళు మన ఊరు దాటి పోవాలనుకుంటున్నప్పుడు వాళ్ళు ఇక్కడికి వస్తున్నారు.

అన్ని విభాగాలూ బాగున్నాయని చెప్పను. మీ పిల్లలు చేరబోయే విభాగంలో పాఠం చెప్పే అధ్యాపకులు ఎంతమంది ఉన్నారో, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో వెళ్ళి కనుక్కోండి. కాలేజీ పేరు కంటే అది ఎక్కువ చెబుతుంది.

అపోహ: ఆంధ్రాకు వెళ్తే భాష ఇబ్బంది ఉండదు.

మన పిల్లలు తెలుగు మాట్లాడతారు, ఒడియా రాస్తారు. బోర్డు మీద తెలుగు చదవడానికి కూడబలుక్కునేవారు చాలామంది. సెకండ్ లాంగ్వేజ్‌గా ఏవి ఇస్తారో చేరకముందే అడగండి. నిజానికి భువనేశ్వర్‌లో మన పిల్లలు భాష విషయంలో ఇంకా తేలికగా కలిసిపోతారు.

అపోహ: హాస్టల్‌లో వేస్తేనే బాధ్యత వస్తుంది.

ఇంట్లో ఎప్పుడూ డబ్బు లెక్క చూడని పిల్లవాడికి హాస్టల్ దానంతటది ఏమీ నేర్పదు. వెళ్ళే ముందు వేసవిలోనే నెల ఖర్చు చేతికిచ్చి నడపమనండి. ర్యాగింగ్ గురించి భయముంటే 1800-180-5522 అనే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు పిల్లల ఫోనులో ఉంచండి. ఫిర్యాదు మీరూ చేయవచ్చు.

అపోహ: ఒకసారి చేరాక వెనక్కి రావడానికి లేదు, కట్టిన డబ్బు పోయినట్టే.

చాలామంది పిల్లలు నచ్చకపోయినా ఈ భయంతోనే నోరు మూసుకుని ఉండిపోతారు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లో ఇచ్చిన నిబంధనల ప్రకారం అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే, కొద్దిపాటి ప్రాసెసింగ్ రుసుము మినహా ఫీజు మొత్తం వాపసు ఇవ్వాలి. ఆ తరువాత, చివరి తేదీ లోపు అయితే 90 శాతం, అది దాటిన 15 రోజుల్లో 80, నెల లోపు 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. కొన్ని సంవత్సరాల్లో యూజీసీ ఇంతకంటే ఎక్కువ గడువు కూడా ఇచ్చింది, కాబట్టి ఆ ఏటి ప్రకటన చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర ఉంచుకోకూడదు. చూసి, సరిపోల్చుకుని తిరిగి ఇచ్చేయాలి.

అందుకే ఫీజు కట్టిన రోజే అడ్మిషన్ల చివరి తేదీ ఏదో కనుక్కుని క్యాలెండరులో రాసుకోండి. పిల్లలు ఉండలేమంటే ఆ తేదీ లోపే వినండి. మానుకుంటున్నామని నోటిమాటగా చెప్పి రాకుండా కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి.