"లోపలే ఉంది కదా సార్, ఏమవుతుంది?": ఆఫీసుల్లో లెక్కలో లేని సర్వర్లు, అపోహలు - వాస్తవాలు

ఈ వారం కూడా విన్నాను ఈ మాట. ఎవరో ఐటీ వాళ్లకి చెప్పకుండా పాత డెస్క్‌టాప్‌నే సర్వర్ చేసి టేబుల్ కింద పెట్టేస్తారు, అదేంటని అడిగితే "మనవాళ్లకే సార్, ఫైర్‌వాల్ ఉంది కదా" అంటారు.

అపోహ: ఫైర్‌వాల్ వెనక ఉంటే భయం లేదు.

వాస్తవం: ఫైర్‌వాల్ కాపలా కాసేది వీధి గుమ్మం దగ్గర. ఇంట్లో వైరస్ అంటించుకున్న ఒక్క లాప్‌టాప్ ఆఫీసులోకి వస్తే, లోపల దానికి అడ్డేమీ ఉండదు. 2003 జనవరి 25న స్లామర్ వార్మ్ (తనంతట తానే మెషీన్ నుంచి మెషీన్‌కి పాకే వైరస్ లాంటిది) ప్రపంచాన్ని చుట్టేసింది, దాని సైజు 376 బైట్లు. దానికి ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, 6 నెలల ముందే వచ్చింది. కానీ వేరే సాఫ్ట్‌వేర్‌తో పాటు, స్లామర్ దూరగలిగే ఎంఎస్‌డీఈ అనే చిన్న డేటాబేస్ కూడా తమ మెషీన్‌లో ఎక్కేసిందని చాలామందికి తెలియనే తెలియదు. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వచ్చినప్పుడూ ప్యాచ్ మార్చిలోనే ఉంది. అసలు ఉందనే తెలియని మెషీన్‌కి ప్యాచ్ ఎవరు వేస్తారు?

ఒకచోట స్టోర్స్ సెక్షన్‌లో నాకు దొరికింది విండోస్ 7 మెషీన్. పైన సెల్లోటేపుతో "ఆఫ్ చేయొద్దు" అని కాగితం. పెట్టినాయన మూడేళ్ల కిందటే ఉద్యోగం మానేశాడు. డీ డ్రైవ్ మొత్తం అందరికీ షేర్, బ్యాకప్ లేదు, రోజువారీ స్టాక్ అంతా అందులోనే. అక్కడ ఎంట్రీలు చేసే ఆవిడ "నా ఉద్యోగానికేమైనా ఇబ్బందా సార్?" అని వణికిపోయింది. ఆవిడ తప్పేముంది అందులో? ముందు డేటా కాపీ చేద్దామని కూర్చుంటే హార్డ్‌డిస్క్ అప్పటికే టక్‌టక్ మంటోంది, రెండు ఫోల్డర్లు చివరికీ తెరుచుకోలేదు. ఆ ఫోల్డర్లలోని రెండు నెలల స్టాక్ రిజిస్టరు చూసి మళ్లీ ఎక్కించడానికి ఆవిడకి వారం పట్టింది.

అపోహ: కనిపించగానే వైరు పీకేస్తే సరి. వాస్తవం: ఎవరి పని దాని మీద నడుస్తోందో చూడకుండా పీకితే జీతాల రోజున తెలుస్తుంది.

అపోహ: వైఫై కోసం చిన్న రౌటర్ పెట్టుకుంటే అది సర్వర్ కాదు. వాస్తవం: ఆఫీస్ కేబుల్ దాని లాన్ పోర్టులో గుచ్చితే అదే డీహెచ్‌సీపీ సర్వర్, అంటే సిస్టమ్స్‌కి నెట్‌వర్క్ అడ్రస్‌లు పంచేది. కొత్తగా అడ్రస్ అడిగిన సిస్టమ్స్‌కి అది ఆఫీస్‌ది కాకుండా తన సొంత 192.168.0 అడ్రస్ ఇచ్చేస్తుంది, ఫ్లోర్‌లో సగం మందికి నెట్ పోతుంది. నెట్‌వర్క్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (అనుమతి లేనివి అడ్రస్‌లు పంచకుండా ఆపేది) ఆన్ చేస్తే ఆ గొడవ ఉండదు.

అపోహ: చెబితే మెమో ఇస్తారు. వాస్తవం: నేనైతే చెప్పినవాళ్ల మీద ఒక్కసారీ కంప్లయింట్ రాయలేదు. మెషీన్ ఎక్కడుంది, ఎవరు వాడుతున్నారు, డేటా ఏ ఫోల్డర్‌లో ఉంది, ఈ మూడు ముక్కలూ ఈరోజే ఐటీ వాళ్లకి మెయిల్ పెట్టండి. దాన్ని పెట్టింది మీరే అయినా సరే.