కొత్తవాళ్లు వచ్చాకే దొంగతనాలా? గోదావరి డెల్టాలో ఓ పాత అనుమానం చరిత్ర

భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ ఊళ్లో టీకొట్టు దగ్గర నిలబడ్డా ఈమధ్య రెండు ఫిర్యాదులు జంటగా వినిపిస్తున్నాయి. ఒకటి దొంగతనాల గురించి. రొయ్యల చెరువుల దగ్గర నీటికి గాలి అందించే ఏరియేటర్ మోటార్లు పోతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగ పట్టుకుపోతున్నారు. తాళం వేసిన ఇళ్లు గుల్ల చేస్తున్నారు. కుర్రాళ్ల జేబుల్లో గంజాయి పొట్లాలు దొరుకుతున్నాయి. రెండోది మనుషుల గురించి: "ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి దిగిపోయారండీ, ఎవడు ఎవడో తెలియట్లేదు." మొదటిదానికి రెండోదే కారణమని చాలామంది నమ్మకం. ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి రొయ్యల చెరువులకూ ఫ్యాక్టరీలకూ ఇటుక బట్టీలకూ వచ్చినవాళ్ల మీదికే చూపు పోతుంది.

ఈ అనుమానం ఇవాళ్టిది కాదు. డెల్టా డెల్టాగా మారినప్పటి నుంచీ ఉంది. మనుషులు మారారు, అంతే.

ధవళేశ్వరం ఆనకట్టకు ముందు ఇది జనం విడిచి పారిపోయే నేల. 1832-33 కరువు, 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన తుపాను కలిసి రాజమండ్రి జిల్లాను ఊడ్చేశాయి. 1821లో 7 లక్షలు దాటిన జనాభా 1841 నాటికి 6 లక్షల లోపుకు పడిపోయింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలవలు పారాయి, వరి పండింది, చేతులు చాలలేదు. ఊడ్పులకూ కోతలకూ విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి కూలీలు గుంపులు గుంపులుగా దిగడం అప్పుడే అలవాటైంది. ఇవాళ "మా ఊరివాళ్లం" అనుకునే కుటుంబాల్లో ఎన్నో ఆ కాలవల వెంట వచ్చినవే. ఇన్ని తరాల తర్వాత ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

అదే కాలంలో ఎరుకల వాళ్లకు మాత్రం దీనికి తలకిందులుగా జరిగింది. వాళ్లు కొత్తవాళ్లు కాదు. కోస్తా ఉప్పును గాడిదల మీదా ఎద్దుల మీదా మెట్ట ప్రాంతాలకు మోసుకెళ్లి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చి అమ్ముకునేవాళ్లు. బుట్టలు అల్లేవాళ్లు, సోది చెప్పేవాళ్లు. ఊరూరా తిరిగే వాళ్లే అయినా ప్రతి ఊరికీ తెలిసిన మొహాలే. ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం, ఆనక రైలు బళ్లు, 1876-78 కరువులో పశువులు చావడం, ఇవన్నీ కలిసి ఆ వర్తకాన్ని చంపేశాయి. వర్తకం పోయినా తిరగడం ఆగలేదు. అప్పటి నుంచి ఆ తిరగడమే నేరమైంది. ఉత్తరాదిలో 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఆ చట్టం కింద నమోదైన మనిషి వేలిముద్ర ఇవ్వాలి, చెప్పిన వేళకు మునసబు దగ్గరో పోలీసుల దగ్గరో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. తప్పు చేశాడా లేదా అన్న విచారణతో పని లేదు, పుట్టుక చాలు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా నమోదైనవాళ్లను ఒకచోట నిఘాలో ఉంచడానికి పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టి నడిపించారు.

మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని 1947లో తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. వెనువెంటనే అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చి అదే నీడను మరో పేరుతో కొనసాగించాయి. జైలు మాన్యువళ్లలో ఈ తెగల మీద మిగిలిపోయిన రాతలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పడానికి 2024 అక్టోబరు దాకా పట్టింది. ఊళ్లో ఏదైనా పోతే మొదట ఏ గుడిసెల వైపు చూడాలో మన పెద్దలకు నేర్పింది ఆ చట్టమే. ఎరుకల గుడిసెల మీద అలవాటైన ఆ చూపు ఇప్పుడు ఒడియా కూలీ షెడ్డు మీద పడుతోంది. ఇది నా అభిప్రాయమే అయినా, వెనకటి సంగతులు తెలిసిన ఎవరికైనా ఈ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుందనుకుంటాను.

మరి మనం ఎక్కడా కొత్తవాళ్లం కాలేదా? కాకినాడ రేవులో ఓడెక్కి "రంగం" (బర్మాలోని రంగూన్) వెళ్లినవాళ్లు లేని ఊరు తూర్పు డెల్టాలో తక్కువ. రంగూన్ రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది, రిక్షాలు లాగింది చాలావరకు ఈ తీరపు తెలుగువాళ్లే. కోరంగి రేవు పేరు మీద అక్కడివాళ్లు మనల్ని కోరంగీలు అన్నారు. ఇరుకు గదుల్లో పది పదిహేను మంది పడుకుంటారని, తక్కువ కూలికి ఒప్పుకుని స్థానికుల పొట్ట కొడుతున్నారని, మురికి మనుషులని అక్కడ మన గురించి చెప్పుకునేవాళ్లు. 1930 మేలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దింపారు. తర్వాత తెలుగు కూలీలతో రాజీ కుదరగానే బర్మా వాళ్లను పొమ్మన్నారు. ఆ రోజే గొడవ రేగింది. వీధుల్లో కోరంగీలను వెంటాడి నరికారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు వేలమంది అరకాన్ కొండల మీదుగా, అస్సాం అడవుల మీదుగా నడిచి తిరుగుముఖం పట్టారు. దారిలో ఎంతోమంది రాలిపోయారు.

నిజాంసాగర్ కింద, తర్వాత తుంగభద్ర కింద కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు భూములు కొనుక్కుని వెళ్లిన మన రైతులు "క్యాంపులు" కట్టుకున్నారు. అక్కడా వాళ్లు బయటివాళ్లే. ఇవాళ కోనసీమ నుంచీ పశ్చిమ గోదావరి నుంచీ కువైట్ ఇళ్లల్లో పనికి వెళ్లిన ఆడవాళ్లకు పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఆ ఇంట్లో ఏదైనా కనపడకపోతే మొదటి ప్రశ్న ఎవరికి పడుతుందో ఆ తల్లుల్ని అడిగితే చెబుతారు.

అయితే జనం భయంలో నిజం లేదని కాదు. ఊరి స్వరూపం మారింది. ఎవరు వచ్చారు, ఎవరింట్లో దిగారు అన్నది ఒకప్పుడు పొద్దుగూకే లోపు తెలిసిపోయేది. తలారి చూసి మునసబుకు చెప్పేవాడు. కరణం దగ్గర లెక్క ఉండేది. ఆ పదవులు వంశపారంపర్యం, వాటి వెనక ఉన్నది కులాధికారం. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం వాటిని రద్దు చేయడం న్యాయమే. కానీ ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని పలకరించి, పేరడిగి, ఎక్కడుంటున్నాడో తెలుసుకునే పని ఆ తర్వాత ఎవరికీ అప్పగించలేదు. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులను పెట్టారు, అప్పుడే వచ్చిన వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి లెక్కలు రాశారు. ఆ లెక్కలన్నీ పథకాల కోసం. పథకం అందని మనిషి ఆ లెక్కలోకి రాడు. చెరువు గట్టు మీద ఉండే ఒడియా కుటుంబం ఏ వార్డులోదో ఎవరికీ పట్టలేదు.

ఇక చెరువులు. 1980ల్లో కొల్లేటి చుట్టూ, కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు మొదలయ్యాయి. 1990ల్లో టైగర్ రొయ్య వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కొట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట రొయ్యల సాగుకు అడ్డుకట్ట వేసింది. 2005లో చట్టం వచ్చి దారి తెరిచింది, 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యకు అనుమతి దొరికింది. అక్కడి నుంచి వరి పొలాలు వరసగా చెరువులయ్యాయి. ఎకరా వరికి ఎన్ని చేతులు కావాలో అన్ని చేతులు ఎకరా చెరువుకు అక్కర్లేదు. ఊరి కూలీలు హైదరాబాదో గల్ఫో దారి పట్టారు. మిగిలిన వరి రైతుకు మనిషి దొరకలేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన రోజుల్లో చెప్పిన కారణాల్లో గిట్టని ధరతో పాటు కూలీల ఖర్చూ ఉంది. ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లే ఈ కొత్తవాళ్లు. ఇప్పుడు బెంగాల్ ముఠాలు వచ్చి నాట్లు వేసి వెళుతున్నాయి. రొయ్యల ఫ్యాక్టరీల్లో ఒడియా ఆడపిల్లలు ఆవరణలోనే హాస్టళ్లలో ఉంటున్నారు. పిలిచింది మనమే.

దొంగతనాల సంగతికి వస్తే, వరి చేలో ఎత్తుకెళ్లడానికి ఏముంటుంది? కుప్ప వేసిన నాలుగు రోజులు తప్ప ఏమీ ఉండదు. అదే చెరువు దగ్గర ఏరియేటర్లు, మోటార్లు, జనరేటర్, డీజిల్, మేత బస్తాలు, పట్టుబడికి వచ్చిన రొయ్య అన్నీ ఊరికి దూరంగా, చీకట్లో ఉంటాయి. లక్షల విలువైన సొత్తు ఇలా ఆరుబయట పడి ఉండడం ఈ నేల ఎరగదు. కాపలా మనిషి పొరుగు రాష్ట్రం వాడు, అందుకని పోయిన మర్నాడు మొదట తిట్లు తినేదీ వాడే. కానీ విప్పిన మోటారు పట్టుకుని పరాయి భాష వాడు ఎక్కడికి వెళ్లి అమ్ముతాడు? దానికి ఆటో కావాలి, రాత్రి పూట తలుపు తీసే పాత ఇనుము కొట్టు కావాలి, రాగి కరిగించే చోటు తెలియాలి. కొనేవాడి గురించి ఊరు ఎందుకు అడగదన్నది నాకు ఎప్పుడూ అర్థం కాని సంగతి.

ఇళ్ల దొంగతనాలదీ ఇలాంటి లెక్కే. పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో, పెద్దవాళ్లు ఏడాదిలో సగం రోజులు వాళ్ల దగ్గర. పెంకుటిళ్ల స్థానంలో లేచిన మేడలు తాళాలతో ఉంటున్నాయి. పోలీసులు తాళం వేసిన ఇళ్లకు కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ తెచ్చింది ఇందుకే. గంజాయి మన్యం నుంచి, ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ వైపు నుంచి దిగి జాతీయ రహదారి మీదుగా పోతుంది. ఇక్కడ ఆగి చిల్లరగా అమ్ముడయ్యేది ఇక్కడి కుర్రాళ్ల చేతుల మీదుగానే. 2024 నవంబరులో రాష్ట్రం ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టేంతగా అది పాకింది.

బయటి ముఠాలు అసలు రావా? వస్తాయి. 2021 డిసెంబరులో విజయవాడ చుట్టుపక్కల హడలెత్తించిన చెడ్డీ గ్యాంగ్ గుజరాత్‌లోని దాహోద్ వైపు నుంచి వచ్చింది. అలాంటివాళ్లు రైలు దిగి, రెక్కీ చేసి, కొట్టి, వెళ్లిపోయే రకం. పొద్దున్నే మేత చల్లి, రాత్రి ఏరియేటర్ చూసుకుంటూ పిల్లలతో షెడ్డులో కాపురం ఉండే మనిషి వేరు. ఈ ఇద్దరినీ ఒకటే చేసి చూడడం వల్లే 2018 మేలో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చిందంటూ వాట్సాప్ పుకార్లు రేగినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మతి స్థిమితం లేనివాళ్లు, బిచ్చగాళ్లు, దారిన పోయే పరాయి భాషవాళ్లు దెబ్బలు తిన్నారు.

పైగా మన నేరాలను మనం నేరాల లెక్కలో వేయం. ఈ ప్రాంతం ఇటీవల చూసిన అతి పెద్ద విధ్వంసం 2022 మే 24న అమలాపురంలో జరిగింది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద రేగి మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టినవాళ్లు ఏ రైలూ దిగి రాలేదు. సంక్రాంతి మూడు రోజులూ కోడిపందాల బరుల పక్కన కోట్లు మారే గుండాటకూ పేకాటకూ 1974 నాటి గేమింగ్ చట్టం వర్తిస్తుంది. ఆ అప్పులు తీర్చలేక పండగ తర్వాత ఎవరింట్లో ఏం పోయిందో ఊళ్లో చాలామందికి తెలుసు, చెప్పరు.

కొత్తవాళ్ల మీద జరిగేది అసలు కాగితం మీదికే రాదు. 2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం రసాయన ఫ్యాక్టరీ ప్రమాదంలో చనిపోయిన ఆరుగురిలో నలుగురు బీహారీలు. అంత పెద్దది కాబట్టి తెలిసింది. ఎగ్గొట్టిన జీతం, లాక్కున్న ఫోను, ఆడపిల్లల మీద సూపర్‌వైజర్ వేషాలు తెలుగు రాని మనిషి ఏ స్టేషన్‌లో చెప్పుకుంటాడు?

ఇప్పుడు చాలాచోట్ల పోలీసులు షెడ్లకు వెళ్లి ఆధార్ జిరాక్సులు తీసుకుంటున్నారు, కాలనీల్లో కార్డన్ సెర్చ్ చేస్తున్నారు. దొంగల భయంతో తయారైన జాబితా అది. నిజానికి ఇలాంటి జాబితా ఒకటి ఎప్పుడో ఉండాల్సింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే ఐదుగురిని గానీ అంతకు మించి గానీ కూలీలను తెచ్చే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలని, ప్రతి కూలీకి ఫొటోతో, కూలి రేటుతో పాస్‌బుక్ ఇవ్వాలని చెప్పింది. అది ఊళ్లో సక్రమంగా అమలై ఉంటే చెరువు గట్టు మీది మనిషి పేరు, ఊరు, యజమాని, జీతం అన్నీ కార్మిక శాఖ దగ్గర ఉండేవి. ఏదైనా పోయిన రోజు పోలీసులకూ పనికొచ్చేవి, జీతం ఎగ్గొట్టిన రోజు ఆ కూలీకీ పనికొచ్చేవి. డెల్టాలో ఏ చెరువు గట్టు మీదికైనా వెళ్లి, ఆ పాస్‌బుక్ ఎప్పుడైనా చూశారా అని అడగండి.