తెర మీది వెయిట్‌లిఫ్టర్: శిక్షణపై అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే నా దగ్గరికి ఇటీవల ఒక నటి శిక్షణకు వచ్చింది. టెలివిజన్ ధారావాహికలో ఆమెది శ్రీకాకుళం వైపు పల్లె నుంచి ఎదిగిన లిఫ్టర్ పాత్ర. మా ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాకు కేంద్రమైనా ఇక్కడ చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. పాతపట్నం, టెక్కలి వైపు నుంచి కూడా పిల్లలు మా తాలింఖానాకు, అంటే వ్యాయామశాలకు, వస్తారు. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన వీరఘట్టం, కరణం మల్లీశ్వరి పుట్టిన ఊసవానిపేట మాకు పొరుగు ప్రాంతాలే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల శరీర బరువు విభాగంలో స్వర్ణం గెలిచిన కె. రవికుమార్‌ది బరంపురం. ఇంతటి సంప్రదాయం ఉన్నచోట బార్ పట్టుకోవడం రాని లిఫ్టర్‌ను తెర మీద చూపిస్తే పసిపిల్లలు కూడా పట్టేస్తారు. శిక్షణ సాగినంత కాలం నిర్మాణ బృందం నుంచీ, నటి ఇంటివారి నుంచీ, మా ఊరివారి నుంచీ నేను విన్న మాటల్లో అపోహలు చాలా ఉన్నాయి. వాటికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఈ విద్య నేర్పేవాడిగా నాకు ఉంది.

అపోహ: ప్లేట్లు ఉత్తుత్తివే కాబట్టి నటికి పెద్దగా శిక్షణ అక్కరలేదు.

లోపల బోలుగా ఉన్న ప్లేట్లు తగిలించి, పళ్లు బిగించి, ముఖం ఎర్రబడేలా చేస్తే సన్నివేశం పండుతుందని చాలామంది నమ్మకం. బరువు నిజమా కాదా అన్నది ప్రేక్షకుడు నేరుగా తెలుసుకోలేడు గాని, ఆ బరువు కింద శరీరం ఎలా నడుచుకుంటున్నదో మాత్రం ఇట్టే కనిపెడతాడు. స్నాచ్‌లో బార్‌ను నేల మీది నుంచి ఒకే ఊపులో తల పైకి చేర్చాలి. తేలిక బార్‌ను ఎవరైనా చేతులతో లాగి, నిలబడిన చోటే నిలబడి తల పైకి తీసుకుపోగలరు. కొత్తగా వచ్చినవారంతా చేసేది అదే. భారీ బరువు అలా రాదు. కాళ్లు, తుంటి ఒక్కసారిగా నిటారైనప్పుడు పుట్టిన ఊపుతో అది నడుము దాటి ఛాతీ వైపు కొంత ఎత్తు వరకే వస్తుంది, ఆ లిప్తకాలంలో లిఫ్టరే దాని కిందికి దూరి, గొంతుక్కూర్చుని, చేతులు చాచి దాన్ని అందుకోవాలి. ఈ దూరడం రాని నటి చేతిలో ఎంత బరువు పెట్టినా అది బరువులా కనిపించదు; వచ్చిన నటి చేతిలో ముప్పై కిలోలు కూడా వంద కిలోల్లా కనిపిస్తాయి. అందుకే ఆమె సాధనలో సింహభాగం దీనికే కేటాయించాను. ముందు కర్రతో, ఆ తరువాత 15 కిలోల ఖాళీ బార్‌తో, చాలాకాలానికి గాని ప్లేట్లు ఎక్కించలేదు.

పట్టు సంగతి కూడా ఇలాంటిదే. లిఫ్టర్లు బొటనవేలిని ముందుగా బార్ చుట్టూ తిప్పి, దాని మీదుగా చూపుడువేలిని, మధ్యవేలిని బిగిస్తారు. దీన్ని హుక్ గ్రిప్ అంటారు. మొదట్లో బొటనవేలు నలిగి గోరు కింద మంట పుడుతుంది, కణుపు దగ్గర చర్మం కందిపోతుంది. “మాస్టారూ, క్లోజప్‌లో తప్ప ఇది కనబడదు కదా, మామూలుగా పట్టుకోకూడదా?” అని ఆమె అడిగింది. “దూరం నుంచి తీసినా కనబడుతుందమ్మా” అన్నాను. మామూలు పట్టుతో బార్ వేళ్లలోంచి జారుతుందన్న అనుమానం చేతులకు ఉంటుంది, ఆ అనుమానంతో మోచేతులు ముందే వంగుతాయి, మోచేతులు వంగితే కాళ్ల బలం బార్‌కు చేరదు. రెండు రకాలుగానూ ఎత్తించి ఫోనులో తీసి చూపించాక ఆమె మళ్లీ ఆ ప్రశ్న వేయలేదు. బొటనవేలికి టేపు చుట్టుకుని తానే సాధన కొనసాగించింది.

ఇక ప్లేట్ల రంగుల విషయం కళా విభాగం వారు తప్పక తెలుసుకోవాలి. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. మహిళల బార్ 15 కిలోలు, ప్లేట్లు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5 కిలోలు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో ఎత్తిన 110 కిలోలను ఈ లెక్కన చూపించాలంటే ఒక్కో వైపు ఒక ఎరుపు, ఒక నీలం ప్లేటు ఉండాలి. వ్యాఖ్యాత తొంభై కిలోలంటుండగా బార్‌కు ఇరువైపులా రెండేసి ఎర్ర ప్లేట్లు వేలాడితే, అక్కడున్నది 120 కిలోలని మా వైపు ప్రేక్షకుడు ఎవరూ చెప్పకుండానే లెక్క కట్టుకుంటాడు.

అపోహ: కండలు తిరిగిన శరీరం ఉంటే లిఫ్టర్‌గా సరిపోతుంది.

కండలను అద్దంలో చూసుకుని పెంచే సాధన వేరు, నేల మీది బరువును తల పైకి చేర్చే సాధన వేరు. లిఫ్టర్ బలమంతా తొడల్లో, పిరుదుల్లో, వెన్నుపూసకు ఇరుపక్కల ఉన్న కండరాల్లో ఉంటుంది. ఛాతీ, జబ్బలు అతిగా పెంచి భుజాలు బిగుసుకుపోయినవారు బార్‌ను తల పైన కాస్త వెనుకగా తెచ్చి నిలపలేక అవస్థ పడతారు. ఐదడుగుల ఎత్తు కూడా లేని టర్కీ లిఫ్టర్ నయీమ్ సులేమనోగ్లు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో పోటీపడి, బార్‌ను ముందు భుజాలకు, అక్కడి నుంచి తల పైకి చేర్చే క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కిలోలు ఎత్తాడు. పాత్రకు సిక్స్ ప్యాక్ కావాలని అడిగిన దర్శకులకు నేను చెప్పిన ఉదాహరణ ఇదే.

అపోహ: ఆడపిల్లలు బరువులెత్తితే ముందుముందు పిల్లలు పుట్టరు.

నటి తల్లిగారు ఈ మాట నన్ను పక్కకు పిలిచి అడిగారు. మా ఊళ్లలో తల్లులందరికీ ఉన్న భయమే ఇది, దీన్ని కొట్టిపారేయకుండా సమాధానం చెప్పాలి. ఆరోగ్యవంతురాలైన యువతి పద్ధతిగా, క్రమంగా బరువు పెంచుకుంటూ చేసే సాధన వల్ల సంతానానికి ఆటంకం కలుగుతుందనడానికి ఆధారం లేదు. మల్లీశ్వరి సిడ్నీ పతకం తరువాత తల్లి అయి, 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ బరిలోకి మళ్లీ దిగింది. గర్భిణులు, బాలింతలు మాత్రం వైద్యుల సలహా లేకుండా భారీ బరువుల జోలికి పోకూడదు.

అసలు ప్రమాదం తిండి దగ్గర ఉంది. కెమెరా ముందు సన్నగా కనిపించాలని అన్నం మానేసి, మరోవైపు రోజూ కఠిన సాధన చేస్తే శక్తి చాలక నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. చేసింది పస్తు, నింద బరువుల మీద. ఆమెకు నేను పెట్టిన మొదటి షరతు కడుపు నిండా తినడం. పొద్దున్నే చోడి (రాగి) అంబలి, గుడ్లు, మధ్యాహ్నం అన్నం, పప్పు, చేపలు, సాధన తరువాత పాలు, అరటిపండ్లు. పోటీకి ముందు వేసే శరీర తూకం కోసం లిఫ్టర్లు నీళ్లు తగ్గించి బరువు దించుకుంటారని ఎక్కడో చదివి, షూటింగ్‌కు ముందు అలా చేయించమని ఒకరు సూచించారు. పోటీ క్రీడాకారులకే ముప్పు తెచ్చే పని అది. తూకమే లేని నటి చేత, అందులోనూ మా వేసవి ఉక్కపోతలో, చేయించడం దుర్మార్గం.

అపోహ: బార్‌ను చివరిదాకా వదలనివాడే మొనగాడు.

అదుపు తప్పిన బార్‌ను వదలడం మా దగ్గర మొదటి పాఠం. స్నాచ్‌లో బార్ ముందుకు వాలితే దాన్ని ముందుకే నెట్టి తాను వెనక్కి, వెనక్కి వాలితే ముందుకు, ఆలోచనతో పని లేకుండా తప్పుకోవడం అలవాటు కావాలి. మామూలు జిమ్‌లలో ఉండే చిన్న ఇనుప ప్లేట్లతో ఈ విద్య నేర్పకూడదు. పోటీల్లో వాడే పెద్ద రబ్బరు ప్లేట్ల వ్యాసం 450 మిల్లీమీటర్లు, కాబట్టి బార్ నేల నుంచి తగిన ఎత్తులో ఉంటుంది. చిన్న ప్లేట్లు వేస్తే బార్ మరీ కిందికి పోయి, దాన్ని అందుకోవడానికి నడుము గూనిగా వంగుతుంది. సీరియళ్ల కోసం హడావుడిగా నేర్చుకునేవారికి నడుము పట్టేయడానికి ఇది ముఖ్య కారణమని నా అభిప్రాయం.

లిఫ్ట్‌కు ముందు కేకలు పెట్టడం, తొడలు చరచడం తప్పనిసరి అన్న అపోహ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కొందరు అరుస్తారు, ఎక్కువమంది మౌనంగా ఊపిరి బిగిస్తారు. పేరు పిలిచాక మామూలుగా ఉండేది ఒక్క నిమిషం. ఎత్తిన తరువాత కదలకుండా నిలబడి, న్యాయనిర్ణేతల సంకేతం వచ్చాకే బార్‌ను దింపాలి, భుజాల కిందికి వచ్చేదాకా చేతులు తీయకూడదు. తల మీది నుంచే విసిరేసి చేతులెత్తి గంతులేసే సన్నివేశం నిజం పోటీలో జరిగితే ఆ లిఫ్ట్ చెల్లదు.

అపోహ: శిక్షణ పూర్తయితే ఎన్ని టేకులైనా చేయవచ్చు.

పోటీలో లిఫ్టర్ స్నాచ్‌కు మూడు, క్లీన్ అండ్ జెర్క్‌కు మూడు, మొత్తం ఆరు ప్రయత్నాలే చేస్తాడు. షూటింగ్‌లో ఒకే లిఫ్ట్‌ను వెలుతురు కోసం, కోణం కోసం, ఎదుటి నటుడి మాట తడబడినందుకు పదేపదే ఎత్తమంటారు. అలసిన శరీరం ముందుగా కోల్పోయేది వేగాన్ని, ఆ వెంటనే నడుము బిగువును. అందువల్ల నిజమైన బరువుతో దూరపు షాట్లు రోజు మొదట్లోనే, ఒళ్లు బాగా వేడెక్కించుకున్నాక తీయాలి. చేతులు, ముఖం మాత్రమే కనిపించే దగ్గరి షాట్లకు ఖాళీ బార్ చాలు, వాటిని సాయంత్రానికి పెట్టుకోవచ్చు. మరీ భారీ లిఫ్ట్‌కు డూప్‌ను పెట్టడంలో తప్పేమీ లేదు గాని, ఆ లిఫ్టర్ ఎత్తు, బార్ మీద చేతుల మధ్య ఎడం నటికి సరిపోవాలి, లేకపోతే ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే కోత దగ్గర దొరికిపోతారు. ఆ రోజు నటి ఎన్నిసార్లు, ఎంత బరువు ఎత్తాలన్నది ముందురోజే కాగితం మీద రాసి దర్శకుడికి ఇవ్వాలి, శిక్షకుడు మానిటర్ పక్కనే ఉండాలి, అతడు చాలన్నాక మరో టేకు అడగకూడదు. నిర్మాణ బృందం ఈ మూడు షరతులకు సంతకం పెట్టిన తరువాతే నేను ఈ పని ఒప్పుకున్నాను.