'డిస్కవర్' అంటే తెర తీయడమే

ఊరి సెంటర్లో విగ్రహావిష్కరణ. నాయకుడు తాడు లాగుతాడు, గుడ్డ జారుతుంది, జనం చప్పట్లు కొడతారు. కొత్తగా పుట్టిందేమీ లేదు, విగ్రహం ముందు నుంచీ గుడ్డ కిందే ఉంది. శాస్త్రవేత్తలు కనుక్కున్న విషయాన్నీ ఆవిష్కరణ అనే అంటాం. ఇంగ్లీషు 'డిస్కవర్' పుట్టుక కూడా ఇలాంటిదే.

లాటిన్‌లో 'కోఓపెరీరే' అంటే పూర్తిగా కప్పేయడం. 'కవర్' వచ్చింది దాన్నుంచే. ముందు 'డిస్' చేరితే ఆ కప్పును తీసేయడం. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మొదట్లో గుట్టు బయటపెట్టడం అనే అర్థమే ఎక్కువ. ఎవరికీ తెలియనిదాన్ని కనుక్కోవడం అన్న అర్థం 16వ శతాబ్దానికి గానీ గట్టిపడలేదు. పాత అర్థం చదరంగంలో ఇంకా బతికే ఉంది. 'డిస్కవర్డ్ చెక్' అంటే అడ్డుగా ఉన్న పావు పక్కకు జరిగి, వెనకున్న ఏనుగో శకటో రాజుకు చెక్ చెప్పడం. కోర్టుల్లోనూ ఉంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 11వ ఆర్డర్ పేరు 'డిస్కవరీ అండ్ ఇన్‌స్పెక్షన్'. అక్కడ డిస్కవరీ అంటే తమ దగ్గరున్న కాగితాలను ఎదుటి పక్షానికి వెల్లడించడం.

అచ్చ తెలుగు 'కనుగొను'లో ముసుగు ఊసే లేదు, ఉన్నది చూపు. 'కనిపెట్టు' ఇంకా గడుసుది. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రాన్ని కనిపెట్టాడంటాం, మరొకరు రేడియో కనిపెట్టారంటాం, పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండమనీ చెబుతాం. మొదటి రెంటినీ ఇంగ్లీషు విడదీసి, రేడియోకు 'ఇన్వెంట్' వాడుతుంది. తమాషా ఏమిటంటే, దాని లాటిన్ మూలానికి అర్థం 'ఎదురుపడటం, దొరకడం' మాత్రమే!

ఈ ముసుగు మాట నాకు బాగా నప్పినట్టు తోచేది గుంటూరు కథలో. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే సౌరజ్వాలలు మామూలు రోజుల్లో కనపడవు. వాటికి ముసుగు చీకటి కాదు, వెలుగే. చంద్రుడు అడ్డొచ్చి ఆ వెలుగును కప్పాక జ్వాలలు బయటపడ్డాయి. కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం స్పెక్ట్రోస్కోపు. అందులో వేడెక్కిన ఒక్కో మూలకపు వాయువుకూ తనవైన రంగు గీతలు కనపడతాయి. జాన్సెన్ జ్వాలల కాంతిని దానితో చూస్తే హైడ్రోజన్ గీతలు ధగధగా మెరిశాయి. ఇంత మెరిసేవి గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు చూశాడు, కనపడ్డాయి. స్పెక్ట్రోస్కోపులో ఆకాశపు వెలుగు అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. జ్వాల కాంతి మాత్రం కొన్ని గీతల్లోనే ఒదిగి ఉంటుంది. అందుకే ఇక చంద్రుడి సాయం అక్కర్లేకపోయింది.

ఆ గ్రహణం రోజున జ్వాలల్లో ఒక పసుపు గీతను కూడా కొందరు చూశారు. మచిలీపట్నంలో ఉన్న మద్రాసు అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రవేత్త పోగ్సన్ వాళ్లలో ఒకడు. సోడియం గీతలకు మరీ దగ్గరగా ఉండటంతో అది సోడియమే అని చాలామంది సరిపెట్టుకున్నారు. అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే దాన్ని చూశాడు. తర్వాత అది సోడియం కాదని తేల్చాడు. గ్రీకు సూర్యుడు హీలియోస్ పేరిట కొత్త మూలకానికి హీలియం అని పేరొచ్చింది.

హీలియం మా గుంటూరులోనే కనిపెట్టారని మనవాళ్లు గర్వంగా చెబుతారు. నాకూ ఆ గర్వం ఉంది. కానీ జాన్సెన్ కొత్త మూలకం మాటే ఎత్తలేదు. పసుపు గీతను చూసినవాళ్లు ఒకరు, ఇది వేరని పట్టుకున్నది మరొకరు. హీలియం భూమ్మీద చేతికి చిక్కడానికి మరో 27 ఏళ్లు పట్టింది. 1895లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును స్పెక్ట్రోస్కోపులో చూస్తే అదే పసుపు గీత. అంతా చేసి, ఆ రోజు అతను వెతుకుతున్నది ఆర్గాన్ అనే మరో వాయువు కోసం.