సముద్రశాస్త్ర పత్రికలో ప్రత్యేక సంచిక: అపోహలు - వాస్తవాలు

నాది సముద్ర రసాయన శాస్త్రం, ఉండేది విశాఖలో. రెండేళ్ల కిందట ముగ్గురం కలిసి ఒక అంతర్జాతీయ పత్రికకు ప్రత్యేక సంచిక (ఒకే విషయం మీద పరిశోధన పేపర్లన్నీ కలిపి తెచ్చేది) ప్రతిపాదించాం. కిందామీదా పడి చివరిదాకా లాక్కొచ్చాం. అప్పటినుంచి "మేడం, మేమూ ఒక స్పెషల్ ఇష్యూ పెడదామనుకుంటున్నాం" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరి ప్రశ్నల్లోనూ అవే అపోహలు కనిపిస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: గెస్ట్ ఎడిటర్‌గా, అంటే ఆ ఒక్క సంచికకు బయటినుంచి వచ్చే సంపాదకుడిగా, ఉండమని ఈమెయిల్ వచ్చిందంటే మనకు పేరొచ్చినట్టే.

వాస్తవం: అలాంటివి నాకు వారానికి రెండు మూడు వస్తాయి. ఒకసారి పట్టుపురుగుల మీద సంచికకు కూడా పిలిచారు. నా పేపర్లో 'సిల్ట్' (ఒండ్రు) అని ఉంటే 'సిల్క్' అని చదువుకున్నారేమో! పనికొచ్చే సంచికలు చాలావరకు మనవైపు నుంచే మొదలవుతాయి. రెండు మూడు పేజీల ప్రతిపాదన చాలు. విషయం ఏమిటి, ఇప్పుడే ఎందుకు, ఈ పత్రికలోనే ఎందుకు, సంపాదకులుగా ఎవరెవరు, ఎవరు ఏ పేపరు రాయొచ్చు, ఏ నెలకి ఏ పని పూర్తవుతుంది అన్నవి ఉండాలి. సంపాదకులందరూ ఒకే సంస్థ వాళ్లయితే అక్కడే అనుమానం మొదలవుతుంది.

అపోహ: బంగాళాఖాతం అనో, తూర్పు తీరం అనో పేరు పెడితే అదే థీమ్.

వాస్తవం: మేం చేసిన మొదటి తప్పు ఇదే. "తూర్పు తీర జీవావరణం" అని పంపితే ఒకే వాక్యంలో జవాబొచ్చింది: ఈ పేపర్లు మామూలు సంచికల్లో రావడానికి అడ్డేమిటి? కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

ఊరి పేరు ఒక్కటే థీమ్ కాదు, దాని వెనక ఒక ప్రశ్న ఉండాలి. 'ఓషనోగ్రఫీ' పత్రిక 2016 జూన్ సంచిక మొత్తం బంగాళాఖాతం మీదే. కానీ దాని పేరులోనే "రుతుపవనాల నుంచి మిశ్రమం దాకా" అన్న అర్థం ఉంది. వాన నీరు, నదుల నీరు ఉప్పునీటి మీద తేలికగా, పలచటి పొరలా పరుచుకుంటాయి. ఆ పొర కింది నీటితో ఎప్పుడు, ఎలా కలుస్తుంది? దానివల్ల సముద్రం పైభాగం వేడెక్కడంలో, రుతుపవనాల్లో ఏం మారుతుంది? భారత్, అమెరికా బృందాలు కలిసి చేసిన పని చాలావరకు ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగింది. అందుకే నీటి అల్లకల్లోలం కొలిచేవాళ్లూ, వాతావరణం చూసేవాళ్లూ ఒకే సంచికలో ఇమిడారు.

మేం కూడా మళ్లీ మొదటికొచ్చాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి గోదావరి నీరు సముద్రంలోకి వెళ్లేది ప్రధానంగా వరదల కాలంలో. ఎండాకాలం నదీముఖంలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. నైలు నది మీద ఆస్వాన్ హై డ్యామ్ వచ్చాక, 1960ల్లో ఈజిప్టు తీరంలో సార్డీన్ చేపల పట్టు పడిపోయిన సంగతి మా రంగంలో అందరికీ తెలుసు. అందుకని "నది నీరు వచ్చే వేళ మనిషి చేతిలోకి వెళ్తే నదీముఖంలో ఏం జరుగుతుంది?" అని అడిగాం. ఈసారి ఒప్పుకున్నారు. గోదావరితో పాటు ఆగ్నేయాసియాలోని మెకాంగ్ మీద, నైలు మీద పనిచేసేవాళ్లకీ చోటు దొరికింది.

అపోహ: స్పెషల్ ఇష్యూలో రివ్యూ (అదే రంగంవాళ్లు పేపరును పరిశీలించడం) కాస్త చూసీచూడనట్టు ఉంటుంది, తెలిసినవాళ్లయితే పేపరు గట్టెక్కుతుంది.

వాస్తవం: ఈ అపోహ ఊరికే పుట్టలేదు. విలీ అనే ప్రచురణ సంస్థ 2021లో హిందావి అనే మరో ప్రచురణ సంస్థను కొంది. రివ్యూ సరిగా జరగలేదని తేలడంతో 2022 చివర్లో ఆ పత్రికల స్పెషల్ ఇష్యూలను కొంతకాలం ఆపేసింది. 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా హిందావి పేపర్లను వెనక్కి తీసుకున్నారు. వాటిలో ఎక్కువ భాగం గెస్ట్ ఎడిటర్లు నడిపిన సంచికల్లోవే. చివరికి హిందావి అన్న పేరే ఎత్తేస్తున్నట్టు ప్రకటించారు.

ఆ దెబ్బతో అందరూ బిగించారు. ఎవరైనా ఉచితంగా చదవగలిగే (ఓపెన్ యాక్సెస్) పత్రికలను నమోదు చేసే డీఓఏజే నియమం ప్రకారం గెస్ట్ ఎడిటర్ల సొంత పేపర్లు సంచికలో 25 శాతం దాటకూడదు, వాటి రివ్యూ కూడా వేరేవాళ్ల చేతిలో ఉండాలి. చాలా పత్రికల్లో గెస్ట్ ఎడిటర్ సిఫార్సు మాత్రమే చేస్తాడు, ఆఖరి మాట పత్రిక సంపాదకుడిది. నా విద్యార్థి పేపరు నేను తెరిచి కూడా చూడలేదు, సిస్టమ్‌లో నాకు కనపడనివ్వలేదు. అది తిరిగొచ్చింది కూడా. ఆ వారం ల్యాబ్‌లో వాతావరణం ఎలా ఉండిందో చెప్పక్కర్లేదు.

అపోహ: మాటిచ్చినవాళ్లందరూ పేపరు పంపుతారు.

వాస్తవం: పెళ్లికి పిలిచినప్పుడు "తప్పకుండా వస్తాం" అన్నవాళ్లందరికీ విస్తళ్లు వేస్తారా? మాకు మాటిచ్చింది ఇరవై ఇద్దరు. పంపింది పధ్నాలుగు మంది. నిలబడినవి తొమ్మిది. ఒకాయన ఓడ మీద ఉన్నానన్నాడు, నిజంగానే ఉన్నాడు. ఇంకొకరు గడువు రోజు రాత్రి పదకొండున్నరకి "ఇంకో నెల" అని అడిగారు. గడువు ఒక్కసారి పొడిగించండి, అందరికీ ఒకేలా పొడిగించండి. రెండోసారి పొడిగిస్తే సమయానికి పంపినవాళ్లు మిమ్మల్ని క్షమించరు.

అపోహ: అన్ని పేపర్లూ సిద్ధమయ్యేదాకా సంచిక రాదు.

వాస్తవం: అచ్చు కాలపు మాట ఇది. ఇప్పుడు చాలాచోట్ల ఒప్పుకున్న పేపరు ఒప్పుకున్నట్టే ఆన్‌లైన్‌లోకి వెళ్తుంది, తర్వాత వాటన్నిటినీ ఒక గుంపుగా కడతారు.

అపోహ: "ప్రభావం కనపడలేదు" అనే పేపర్లు సంచిక బలం తగ్గిస్తాయి.

వాస్తవం: నా మటుకు నాకు అవి లేని సంచిక మీదే అనుమానం. ఐసీఈఎస్ జర్నల్ అనే సముద్రశాస్త్ర పత్రిక 2016లో సముద్రం ఆమ్లీకరణ (గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి నీటి ఆమ్లత్వం పెరగడం) మీద ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. ఆమ్లీకరణ వల్ల ఫలానా జీవికి హాని జరిగిందన్న ఫలితాలు తేలిగ్గా అచ్చవుతున్నాయి, ఏమీ కాలేదన్నవి వెనకపడిపోతున్నాయి, ఈ రంగానికి పద్ధతి ప్రకారం సందేహించే అలవాటు కావాలి అని సంపాదకుడు ముందుమాటలోనే రాశాడు. ఆమ్లీకరణ అబద్ధమని కాదు ఆయన ఉద్దేశం. ఎంత, ఎవరికి, ఏ పరిస్థితిలో అన్నది తేలాలంటే రెండు రకాల ఫలితాలూ బల్ల మీదకి రావాలి. అందుకే పేపర్లు పంపమనే పిలుపులోనే "ప్రభావం లేదని తేలినా పంపండి" అని రాయండి. రాయకపోతే ఎవరూ పంపరు.

అపోహ: గెస్ట్ ఎడిటర్‌కి డబ్బులిస్తారు.

వాస్తవం: మాకు ఇవ్వలేదు, నాకు తెలిసినవాళ్లెవరికీ ఇవ్వలేదు. పత్రిక ఓపెన్ యాక్సెస్ అయితే రచయితలే ఫీజు కట్టాలి. మాఫీ ఎవరికి, ఎంత అన్నది ఆహ్వానాలు పంపకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. నేను అడగలేదు. ఒక చిన్న కాలేజీ లెక్చరర్ పేపరు ఒప్పుకున్నాక బిల్లు చూసి ఫోన్ చేస్తే ఏం చెప్పాలో తెలియలేదు.

అపోహ: ఎలాగూ ఆ రంగం వాళ్లంతా తెలుసు కాబట్టి రివ్యూయర్లకు కొదవ ఉండదు.

వాస్తవం: అసలు టెన్షన్ ఇక్కడే. మనకు తెలిసిన మంచివాళ్లందరినీ ముందే రచయితలుగా పిలిచేశాం కదా! గోదావరి నదీముఖం మీద పనిచేసేవాళ్లే కొద్దిమంది, వాళ్లంతా ఒకరి పేపర్లలో ఒకరు సహరచయితలు. ఒక పేపరుకి ఇద్దరు రివ్యూయర్లు దొరకడానికి నేను పదమూడు మందిని అడిగాను. చివరికి గోదావరిని ఎన్నడూ చూడని, మెకాంగ్ డెల్టా మీద పనిచేసే ఒకావిడ ఒప్పుకుంది.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీరు నెల సగటు ప్రవాహం వాడారు. బ్యారేజీ గేట్లు ఎత్తేది నెలకోసారి కాదుగా?" మేమంతా ఏళ్ల తరబడి ఆ నెల సగటే వాడుతున్నాం, ఎవరికీ తట్టలేదు. ఆ పేపరు రాసినబ్బాయి ధవళేశ్వరం వెళ్లి రోజువారీ లెక్కలు తెచ్చుకుని బొమ్మలన్నీ మళ్లీ గీశాడు. నదీముఖంలో ఆక్సిజన్ తగ్గిన రోజుల్లో సగం, గేట్లు దించిన మరుసటి వారంలోనే ఉన్నాయి.