దేన్ని విపత్తు అంటాం?

1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్లలోకి దూసుకొచ్చింది. వేలమంది చనిపోయారు. అది విపత్తు అని ఎవరైనా ఒప్పుకుంటారు. ఎందుకు విపత్తు అయిందంటే మాత్రం ఒక్కో శాస్త్రం ఒక్కో జవాబు చెబుతుంది.

వాతావరణ శాస్త్రం గాలిని కొలుస్తుంది. గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటే తుపాను, 222 అందుకుంటే సూపర్ సైక్లోన్. మనిషి జాడలేని నడిసముద్రంలో వీచినా ఆ పేరే. వైద్యులు పడకలు లెక్కపెడతారు. బస్సు బోల్తాపడి 40 మంది గాయపడితే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) అది విపత్తే, నగరంలోని పెద్దాసుపత్రికి కాకపోవచ్చు. 1961లో సామాజిక శాస్త్రవేత్త చార్లెస్ ఫ్రిట్జ్ చూపు వేరే వైపు మళ్లింది. సమాజం రోజూ చేసుకునే ముఖ్యమైన పనులు చేసుకోలేక చతికిలబడటం ఆయన నిర్వచనానికి గుండెకాయ.

నాకు అన్నిటికంటే సరైనదనిపించే మాట దివిసీమ ఉప్పెనకు ముందు ఏడాదే వచ్చింది. ప్రకృతి వైపరీత్యాల్లో ప్రకృతి పాత్ర కన్నా మనుషుల నిస్సహాయ స్థితి పాత్రే ఎక్కువని 1976లో ముగ్గురు పరిశోధకులు 'నేచర్' పత్రికలో వాదించారు. దివిసీమనే చూడండి. సముద్రం పక్కనే పూరిళ్లు, పరుగెత్తి ఎక్కడానికి గట్టి మేడ లేదు, హెచ్చరిక అందే దారి సరిగా లేదు. 2014లో హుద్‌హుద్ తుపాను భీకరమైన గాలులతో విశాఖను తాకింది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, నష్టం వేల కోట్లలో ఉంది. కానీ ముందే లక్షలమందిని తరలించారు కాబట్టి ప్రాణనష్టం దివిసీమ స్థాయికి రాలేదు.

చట్టానికీ ఒక నిర్వచనం ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం, ఆ ప్రాంత ప్రజలు తట్టుకోగలిగే శక్తిని మించినదే విపత్తు. ఈ మాట బాగుంది. సాయం మాత్రం, ఏయే విపత్తులకు ఇవ్వాలో కేంద్రం ప్రకటించే వేరే జాబితాను బట్టి వస్తుంది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు 2 వేలమందికి పైగా చనిపోయారు. అప్పటి కేంద్ర జాబితాలో చలిగాలులు ఉన్నాయి, వడగాడ్పులు లేవు. ఎండ ఇళ్లు కూల్చదు, ఊళ్లు ముంచదు. ఒక ఊళ్లో ఒక కూలీ, పక్క ఊళ్లో ఒక గొర్రెల కాపరి, ఇంకో ఊళ్లో ఒక ముసలమ్మ. చాలాసార్లు గుండె ఆగి పోయారనే అనుకుంటారు. అలాంటి చావు ఏ లెక్కలోకీ ఎక్కదు, ఆ ఇంటికి పరిహారమూ రాదు.