గోదావరి గాలిలో సొంత చేతి చెక్క సామాను: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో కాలువ గట్టు పక్కన మా షెడ్డు. నాన్న దగ్గరే పని నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లు దాటింది, ఇదే నా బతుకు. నాలుగైదేళ్ల నుంచి ఆదివారం పూట కొత్తవాళ్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు టీచరమ్మ, ఇంకొకరు ఇంటి దగ్గర నుంచే కంప్యూటర్ మీద పని చేసుకునే కుర్రాడు. తమ ఇంట్లో తమ చేత్తో చేసిన బల్ల ఒక్కటైనా ఉండాలని వాళ్ల కోరిక. అది వింటే నాకు నిజంగా సంతోషం. కానీ ప్రతి ఒక్కరూ కొన్ని తప్పుడు నమ్మకాలతో వస్తారు. వాటి వల్ల డబ్బు పోతుంది, మంచి కట్టె పాడవుతుంది, చివరికి ఉత్సాహమే చచ్చిపోతుంది. నేను ఎక్కువగా విన్నవి ఇవి.

అపోహ: "ఈ పని పుట్టుకతో రావాలి. మనకెక్కడ వస్తుంది?"

వాస్తవం: గీత సరిగ్గా గీసి, ఆ గీత పక్కనే నిదానంగా రంపం నడపడం కొన్ని వారాల సాధనతో వస్తుంది. కోత కాస్త వంకర పోయినా చిత్రిక (చెక్కను పల్చగా గీకి నున్నగా చేసే పనిముట్టు) పట్టి సరిచేసుకోవచ్చు. మా తాతల నుంచి వచ్చిన పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. చెక్కుడు మంచాలు, నగిషీ తలుపులు చేయాలంటే ఏళ్లు పడుతుంది. కూర్చునే బల్లకు అంత అక్కర్లేదు. కొత్తవాళ్లు చేసిన సామాను పాడై మా షెడ్డుకు వచ్చినప్పుడు చూస్తే, చెయ్యి తిరగక పాడైనవి తక్కువ, తేమ సంగతి తెలియక పాడైనవి ఎక్కువ. గోదావరి పాయల మధ్య, కాలువల మధ్య, సముద్రం పక్కన ఉన్నాం. ఇక్కడ కట్టె పని చేసేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది తేమ గురించే.

అపోహ: "కట్టె ఒకసారి బాగా ఎండితే ఇక కదలదు"

దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేనూ దీనివల్లే దెబ్బతిన్నాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో మా అక్కవాళ్ల ఇంటికి మే నెలలో ఒక టేకు బల్ల చేశాను. పైపలకను చట్రానికి నాలుగు పక్కలా ఫెవికాల్ రాసి, స్క్రూలు బిగించి, ఇంచు కూడా కదలకుండా చేశాను. చాలా గర్వంగా ఉంది. భాద్రపదం వచ్చేసరికి పైపలక మధ్యలో ఉబ్బి లేచింది, చట్రం ఒక మూల అతుకు విడిపోయింది. నాన్న వచ్చి చూసి ఒక్క మాటే అన్నారు: "కదలడం దాని గుణంరా. చోటు నువ్వే ఇవ్వాలి."

వాస్తవం: ఎండిన కట్టె కూడా వానాకాలంలో గాలిలోని తేమను లాక్కుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో తేమ వదిలేసి కుంచించుకుపోతుంది. వానల్లో మీ ఇంటి తలుపు పట్టేసేది అందుకే. ఈ మార్పు పొడవులో దాదాపు ఉండదు, అంతా వెడల్పులోనే. చెట్టు వలయాల వెంబడి వచ్చే మార్పు, వలయాలకు అడ్డంగా వచ్చే మార్పుకు సుమారు రెండింతలు. లెక్క చెబితే బాగా అర్థమవుతుంది. 18 అంగుళాల వెడల్పున్న టేకు పలకలో తేమ నాలుగు శాతం పెరిగితే, అది దాదాపు 3 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది.  ఆ ఉబ్బును ఏ స్క్రూ కూడా ఆపలేదు. చోటు లేకపోతే పలకో, చట్రమో, రెండింట్లో ఒకటి పగలాల్సిందే.

అందుకే పైపలకను చట్రానికి అంటించకండి. చట్రం లోపలి వైపు సన్నటి గాడి తీసి, ఆ గాడిలో జారే చిన్న చెక్క ముక్కలు పెట్టి, ఆ ముక్కలను పైపలకకు స్క్రూ చేయండి. అంత ఓపిక లేకపోతే చట్రంలో స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాకుండా పలక వెడల్పు దిశలో కోలగా చేయండి. పలక స్క్రూతో పాటు అటూ ఇటూ జరుగుతుంది, బల్లకు ఏమీ కాదు. ఏసీ గదిలో పెట్టే సామానుకు ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ గాలి పొడిగా ఉండి కట్టె బాగా కుంచించుకుపోతుంది.

తాళ్లరేవు వైపు నావలు కట్టేవాళ్లను చూస్తే ఈ విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. నావ నీళ్లలో దిగాక పలకలు ఉబ్బి సందులు బిగుసుకుంటాయి. వాళ్లకు మేలు చేసే ఆ గుణమే బల్ల చేసేవాడికి చేటు. కట్టె గుణం తెలిసినవాళ్లు దానికి తగ్గట్టు పని చేస్తారు, అంతే తేడా.

అపోహ: "మా పెరట్లో చెట్టు కొట్టి ఏడాదైంది, ఇక వాడేయొచ్చు"

వాస్తవం: బెరడుతో ఉన్న దుంగ ఏడాది పడి ఉన్నా లోపల పచ్చిగానే ఉంటుంది. ముందు సామిల్లులో పలకలుగా కోయించి, ఆ తర్వాత ఎండబెట్టాలి. ఎండలో పడేయకండి, పైపొర తొందరగా ఎండి పగుళ్లు వస్తాయి. నీడలో, గాలి ఆడే చోట, నేలకు ఒక అడుగు ఎత్తున పేర్చండి. పలకకూ పలకకూ మధ్య ఒకే మందం పుల్లలు, ఒకదాని మీద ఒకటి తిన్నగా వచ్చేలా పెట్టాలి. పుల్లలు వంకరగా పెడితే పలకలూ వంకర తిరుగుతాయి. పలకల రెండు చివర్లకు పాత పెయింటో, కరిగించిన మైనమో పూయండి, ఎందుకంటే చివర్ల నుంచి నీరు చాలా వేగంగా పోయి అక్కడే చీలికలు మొదలవుతాయి. అంగుళం మందానికి సుమారు ఏడాది అని మా లెక్క.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన మీటరు లేకపోయినా పర్వాలేదు. ఒక చిన్న ముక్కను వంటింటి త్రాసులో వారానికోసారి తూయండి, బరువు రాసుకోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆ ముక్క మీ ఇంటి గాలికి సర్దుకున్నట్టు. పలకకు ఇంకా కొంత ఎక్కువ సమయం పడుతుంది.

ఇంకో మాట. సొంత పెరట్లోదే అయినా టేకు కొట్టించాలన్నా, బండి ఎక్కించాలన్నా ముందు అటవీ శాఖ వాళ్లను అడిగి అనుమతి తీసుకోండి.

అపోహ: "సామానంటే టేకే. మిగతావన్నీ పొయ్యిలోకి"

వాస్తవం: టేకు గొప్ప కట్టె, అందులో అనుమానం లేదు. కానీ దాని గొప్పతనమంతా చేవలో, అంటే మాను లోపలి ముదురు రంగు భాగంలో ఉంది. చేవ చుట్టూ ఉండే తెల్ల భాగానికి పురుగు పడుతుంది, అది టేకే అయినా సరే. అడితిలో, అంటే కలప అమ్మే చోట, "టేకు" అన్న మాట విని తెల్లగా ఉన్న పలకలు కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అదే డబ్బుతో చేవ ఉన్న వేపో, పనసో కొంటే ఇంకా బాగుంటుంది.

అసలు మొదటి బల్లకు టేకు వద్దని నేను గట్టిగా చెబుతాను. కోత తప్పితే గుండె గుభేలుమంటుంది, ఆ టెన్షన్‌లో పని నేర్చుకోలేరు. వేప చవకగా దొరుకుతుంది, గట్టిది, ఉలికి లొంగుతుంది. నిద్రగన్నేరు వెడల్పాటి పలకలు ఇస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పనస పసుపు పచ్చగా ఉండి ఏళ్లు గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది. మామిడి పని చేయడానికి సులువు, కానీ పురుగు మందు పట్టించకుండా వాడొద్దు.

ఇక కొబ్బరి. 1996 నవంబరు తుఫానులో మా కోనసీమలో తోటలకు తోటలే నేలకూలాయి. అప్పుడు నాన్న పడిపోయిన చెట్ల నుంచి దూలాలు, బెంచీలు చేశారు. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. కొబ్బరి మానులో బయటి వైపు, అందులోనూ మొదలు దగ్గర, చాలా గట్టిగా ఉంటుంది. నడిమి భాగం మెత్తగా, బెండులా ఉంటుంది, అది సామానుకు పనికిరాదు. బయటి గట్టి భాగంతో బెంచీ కాళ్లు, స్టూలు చక్కగా చేసుకోవచ్చు. ఒకటే ఇబ్బంది, రంపం పళ్లను తొందరగా మొద్దు చేస్తుంది.

అపోహ: "అమావాస్యకు ముందు కొట్టిస్తే పురుగు పట్టదు"

వాస్తవం: పురుగు తిథి చూసి రాదు. పిండి రాల్చే పురుగు తినేది కట్టెలో ఉన్న పిండి పదార్థాన్ని. అది ఎక్కువగా ఉండేది తెల్ల భాగంలో. పెద్దవాళ్లు దుంగలను నెలల తరబడి చెరువులో, కాలువలో నానబెట్టేవారు. దానివల్ల ఆ పిండి చాలావరకు పోతుంది. ఈ పద్ధతిలో పస ఉంది, నేనూ వేప దుంగలకు అలాగే చేస్తాను. ఒకప్పుడు ఎగువ అడవుల్లో కొట్టిన కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీద దించేవారు కదా, ఆ దుంగలూ నీళ్లలో చాలాకాలం నానేవి. ఇప్పుడు నానబెట్టే వీలు లేనివాళ్లు తెల్ల భాగాన్ని కోసి పారేసి, మిగిలిన పలకకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు బ్రష్‌తో రెండు మూడుసార్లు పట్టించి ఆరబెట్టుకుంటే సరిపోతుంది.

అపోహ: "ఎక్కువ మేకులు కొడితే ఎక్కువ గట్టి"

వాస్తవం: ప్రతి మేకూ నారను చీల్చుకుంటూ దిగుతుంది. పలక చివర దగ్గరగా నాలుగు మేకులు కొడితే అక్కడే చీలుతుంది. పైగా మన ఉప్పుగాలికి మేకు తుప్పు పట్టి చుట్టూ నల్లటి మచ్చ చేస్తుంది. ఒక ముక్క చివర కుసి (సన్నటి నాలుకలాంటి భాగం) తీసి, రెండో ముక్క బెజ్జంలో దిగ్గొట్టి, జిగురు రాసి, చెక్క చీల వేసిన అతుకు మేకు లేకుండానే మనవళ్ల కాలం దాకా ఉంటుంది. అది మొదట్లో కష్టమనిపిస్తే స్క్రూలు వాడండి, కానీ ముందు సన్నటి రంధ్రం వేశాకే బిగించండి. కట్టె కోసిన చివరి ముఖంలోకి, అంటే నార కొసల్లోకి, దిగిన స్క్రూకు పట్టు తక్కువ. జిగురు కూడా అక్కడ సరిగా అతకదు. నార పక్కన నార పెట్టి అతికిస్తే మాత్రం జిగురు గీత కంటే ముందు కట్టే విరుగుతుంది. సందులు మిగిలిపోతే జిగురు పోసి పూడుద్దామని చూడకండి, అది బలం ఇవ్వదు. జిగురు ఆరేదాకా ముక్కలను బిగించి పట్టే క్లాంపులను వానాకాలంలో కనీసం ఒక రాత్రి విప్పకండి.

అపోహ: "మిషన్లు లేకపోతే మొదలుపెట్టలేం", "కొత్తవాళ్లకు మొద్దు ఉలే సేఫ్"

వాస్తవం: ఒక మంచి చేతి రంపం, ఒక చిత్రిక, అరంగుళం, అంగుళం ఉలులు రెండు, మూలమట్టం, టేపు, నాలుగు క్లాంపులు, ఒక డ్రిల్లు, సానరాయి చాలు. ఇందులో అందరూ వదిలేసేది సానరాయి. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెడితే జారుతుంది, జారితే నేరుగా చేతిలోకి. పదునైన ఉలి చెప్పిన చోటికే పోతుంది. ఏ ఉలితోనైనా రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి ముందు ఉండకూడదు.

టైల్స్ కోసే మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు తగిలించి పలకలు కోసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కట్టెలో బ్లేడు పట్టేస్తే మిషను వెనక్కి ఎగురుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. తడి నేల మీద వట్టి కాళ్లతో కరెంటు మిషన్లు పట్టుకోవద్దు. దుమ్ముకు మాస్కు పెట్టుకోండి.

అపోహ: "వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌కు నీళ్లు తగిలినా ఏమీ కాదు"

వాస్తవం: ఐఎస్ 710 (భారత ప్రమాణాల నంబరు) ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో నీటిని తట్టుకునేది పొరల మధ్య జిగురు. పొరలు మాత్రం కట్టెవే, తడుస్తాయి. కోసిన అంచులన్నీ మూసేయాలి. ఐఎస్ 303 లోని ఎంఆర్ రకం, అంటే కాస్త తేమను మాత్రమే తట్టుకునేది, గదుల్లో అల్మరాలకు సరిపోతుంది, గచ్చు తడిసే వంటింటికి, లంక గ్రామాల్లో వరద వచ్చే ఇళ్లకు వద్దు.

అపోహ: "కొబ్బరి నూనె రాస్తే పాలిషే అక్కర్లేదు"

ఇది మన ప్రాంతపు నమ్మకం, ఎందుకంటే నూనె ఇంట్లోనే ఉంటుంది. రాసిన రోజు నిగనిగలాడుతుంది కూడా. కానీ కొబ్బరి నూనె గాలికి ఆరి గట్టిపడే రకం కాదు. జిడ్డుగా ఉండి దుమ్ము పట్టి, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. ఆరి గట్టిపడేది అవిసె నూనె, అందులోనూ కాచినది. పల్చగా పూసి, పదిహేను నిమిషాలకు మిగులు తుడిచేసి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ పూయాలి. తుడిచిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి, బయట పరిచి ఆరబెట్టండి. లక్క పాలిష్ అందంగా ఉంటుంది, కానీ వానల్లో పూస్తే తెల్లగా పాలిపోతుంది, ఎండ కాసే రోజు చూసుకోవాలి. ఏది పూసినా పలకకు పైనా కిందా రెండు వైపులా పూయండి. ఒక వైపే పూస్తే రెండో వైపు ఎక్కువ తేమ పీల్చి పలక దొప్పలా వంగుతుంది.

అపోహ: "సొంతంగా చేస్తే సగం ఖర్చే"

వాస్తవం: మొదటి బల్లకు పనిముట్ల ఖర్చు కలిపితే కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది. మూడోదో నాలుగోదో చేసేసరికి లెక్క కలిసొస్తుంది. కట్టె కొనేటప్పుడు లెక్క మీరే వేసుకోండి: అంగుళాల్లో వెడల్పు, అంగుళాల్లో మందం, అడుగుల్లో పొడవు గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. ఆరంగుళాల వెడల్పు, అంగుళం మందం, ఆరడుగుల పలక పావు ఘనపుటడుగు. వృథా కోసం పావు వంతు ఎక్కువ కొనండి.

మొదటిగా ఏం చేయాలని అడిగితే, అరుగు మీద వేసుకునే చిన్న బెంచీ చేయమంటాను. మూడడుగుల పొడవు, పదంగుళాల వెడల్పు, పదిహేడంగుళాల ఎత్తు. చట్రం బిగించే ముందు రెండు కర్ణాలు కొలవండి, అవి సమానమైతేనే మూలలు సరిగ్గా ఉన్నట్టు. అంతా అయ్యాక బెంచీని తిరగేసి, నాలుగు కాళ్ల అడుగులకు రెండుసార్లు వార్నిష్ పట్టించి, రబ్బరు బుడిపెలు కొట్టండి. మన ఇళ్లలో రోజూ నేల కడుగుతారు. ఆ నీళ్లు కాలి అడుగు నుంచి నార వెంబడి పైకి ఎక్కి, పైన ఎంత పాలిష్ ఉన్నా కాలును కింద నుంచి కుళ్లబెడతాయి.